పరామర్శకు హద్దు

రోగిని చూడబోవుట మన సంసారములలో మర్యాద మాత్రమే కాదు, అది ఒక లెక్క. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, వచ్చినవారు ఎంతసేపు కూర్చుండిరి, చేతిలో ఏమి పట్టుకొని వచ్చిరి అను విషయములు రోగి కోలుకొనిన పిమ్మట గూడ ఏండ్ల తరబడి ఇంటివారి జ్ఞాపకములో నిలిచియుండును. "పది రోజులు మంచాన పడితే గుమ్మం తొక్కిన పాపాన పోలేదు" అను నిష్ఠురము ఏ పెండ్లిపిలుపుల సమయముననో బయటపడును. ఈ ఆచారమును తేలికగా చూచువారు పట్టణములలో కొందరు బయలుదేరినారు. నేను వారిలోనివాడను కాను. జబ్బుపడిన మనిషికి తాను ఒంటరి కాదను ధైర్యమును మించిన పథ్యము లేదు. అంతేకాక మన ఆసుపత్రులలో, అందును ప్రభుత్వాసుపత్రులలో, రోగివెంట వచ్చిన మనిషియే సగము నర్సు. మంచినీరు తెచ్చునది ఆ మనిషియే. ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టునది, రక్తపరీక్ష కాగితము కొరకు కిటికీవద్ద నిలుచునది ఆ మనిషియే. అట్టివారిని అనవసరపు గుంపని తోసివేయువారు, వారు చేయు పనులను ఇకమీద ఎవరు చేయవలెనో ముందుగా చెప్పవలసియుండును.

ఇంత చెప్పిన పిమ్మటనే రెండవ మాట చెప్పుటకు నాకు అధికారము కలుగును. అంటువ్యాధి ప్రబలిన దినములలో ఈ పరామర్శయే వ్యాధిని ఇల్లిల్లు త్రిప్పుచున్నది.

2015 మే నెలలో దక్షిణ కొరియాలో జరిగినది చూడుడు. గల్ఫు దేశములు తిరిగి స్వదేశము చేరిన ఒక వ్యక్తి జ్వరముతోను దగ్గుతోను ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని వైద్యశాలలకు వెళ్లెను. అది మెర్స్ అను వ్యాధియని మే 20వ తేదీన తేలునప్పటికే ఆసుపత్రిలో ఇతరులకు అంటియుండెను. అట్లు అంటినవారిలో ఒకడు సియోల్ నగరమందలి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగములో, పడక దొరకక, మూడు దినములు గడపెను. ఆ మూడు దినములలో అతని నుండి ఎనభైమందికి పైగా సోకినది. ఆ దేశములో మొత్తముమీద 186 మంది వ్యాధిగ్రస్తులైరి. 38 మంది మరణించిరి. ఇది బజారులోనో బడిలోనో అంటినది కాదు. దాదాపు అంతయు ఆసుపత్రి గోడల లోపలనే జరిగినది. సోకినవారిలో సుమారు మూడవవంతు మంది రోగులు కారు, వైద్యులు కారు. రోగిని కనిపెట్టుకొనియుండిన బంధువులు, చూడవచ్చినవారు. అచట గూడ మనవలెనే ఇంటివారు రోగి మంచము ప్రక్కననే ఉండి సేవచేయుట ఆచారము. సంపన్నమైన దేశము, గొప్ప యంత్రములు గల ఆసుపత్రులు. అయినను కిక్కిరిసిన గదికి ఆ యంత్రములలో మందు లేకపోయినది.

మన దేశపు ఉదాహరణము ఇంకను దగ్గరిది. 2018 మే నెలలో కేరళమునందలి కోళిక్కోడు, మలప్పురము జిల్లాలలో నిపా వ్యాధి తలయెత్తినది. పండ్లు తిను గబ్బిలములలో నివసించు వైరసు దానికి కారణము. గబ్బిలము నుండి మనిషికి వచ్చినది ఒక్కసారి. తక్కినదంతయు మనిషి నుండి మనిషికి, అదియును చాలవరకు ఆసుపత్రులలోనే, ప్రాకినది. మొదటి రోగి పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో నున్నప్పుడు అతనికి సేవచేసిన నర్సు లినీ పుదుశ్శేరి అదే నెల 21వ తేదీన మరణించెను. అతనిని కోళిక్కోడు వైద్యకళాశాల ఆసుపత్రికి తరలించిన పిమ్మట, స్కానింగు గది వెలుపలి వసారాలో తమ వంతుకై నిరీక్షించుచుండినవారిలో పలువురికి సోకినది. వారు ఏ జబ్బు నయము చేసికొనుటకు వచ్చిరో అది వారిని చంపలేదు. ఆ వ్యాధికి 17 మంది బలియైరి.

అయినను అది అంతటితో ఆగినది. ఎందువలన ఆగినదో విద్యార్థులు గ్రహింపవలెను. ఒకే ఇంటిలో ఒకరి తరువాత ఒకరు ఒకే తీరున జబ్బుపడిరని గమనించిన వైద్యులు అనుమానించి మణిపాలులోని పరీక్షాశాలకు నమూనాలు పంపిరి. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ దానిని ధ్రువపరచినది. ఆపైన రోగుల చెంతకు పోయిన రెండువేలకు పైగా మనుష్యులను పేరుపేరున వెదకి, ఇండ్లలో ఉంచి, దినదినము యోగక్షేమము విచారించిరి. దానిని చంపు మందేదియు ఎవరిచేతను లేదు. అంతకుముందు 2001లో సిలిగురి పట్టణమున ఇదే వ్యాధి వచ్చినప్పుడు దాని పేరైనను ఎవరికిని తెలియలేదు. 45 మంది మరణించిరి. నిపా అని తేలుటకు కొన్ని ఏండ్లు పట్టినది. సోకినవారిలో నాలుగింట మూడువంతులు అచట గూడ ఆసుపత్రి సంబంధము కలవారే. ఈ రెంటి నడుమ తేడా, నా దృష్టిలో, "మీ ఇంటిలో ఇంకెవరికైనను ఇట్లు వచ్చినదా?" అను ప్రశ్నలో నున్నది. వైద్యుడు దానిని అడుగవలెను. ఇంటివారు నిజము చెప్పవలెను.

నిజము చెప్పుట అంత సులభమా? 2020లో మనము చూచితిమి. జ్వరమని చెప్పినచో ఇంటికి కాగితము అంటింతురు, పాలవాడు రాడు, పొరుగువారు తలుపులు వేసికొందురు. ఆ ఏప్రిల్ నెలలో చెన్నై నగరమున కరోనాతో మరణించిన ఒక వైద్యుని దేహమును ఖననమునకు తీసికొనిపోయినవారిపై గుంపు రాళ్లు రువ్వినది. వైద్యుని గతియే అట్లైనప్పుడు కూలివాడు తన దగ్గును మ్రింగుకొని వరుసలో నిలుచుటలో వింత ఏమున్నది? క్లినిక్కు గుమ్మములో ఒక కుఱ్ఱవాడు పుస్తకము పట్టుకొని, నలుగురు వినునట్లు, "జ్వరమా? ఎన్నాళ్ల నుంచి? ఎవరింటికి వెళ్లావ్?" అని గద్దించుచు అడిగినచో వచ్చు జవాబు అబద్ధమే. ఆ ప్రశ్న కొంచెము ఎడముగా తీసికొనిపోయి, మెల్లగా అడుగదగినది. ఇది మర్యాదకు సంబంధించిన సంగతియని కొందరు అనుకొందురు. నేను దీనిని మాస్కుతోను సబ్బుతోను సమానమైన జాగ్రత్తగా లెక్కింతును.

నుదుటికి పిస్తోలువలె గురిపెట్టు ఉష్ణమాపకమును చూచి నిశ్చింత పడువారు గలరు. కరోనా వ్యాధిలో లక్షణములు కనుపించుటకు ఒకటి రెండు దినములు ముందే ఇతరులకు అంటవచ్చునని తెలిసిన పిమ్మట గూడ ఆ పిస్తోలుమీది విశ్వాసము తగ్గలేదు. కనబడు పనిముట్టు మీద నున్నంత నమ్మకము తెరచిన కిటికీమీద మనకు లేదు.

మాటల సంగతి ఒకటి, ఈ పుట చదువువారు సాహిత్యప్రియులు కావున, చెప్పక తప్పదు. ఆ దినములలో "సామాజిక దూరము" అను మాట మన పత్రికలలోను గోడలమీదను వెలసినది. ఊరికి వెలుపల వాడలు కట్టించి, బావినీరు తోడుకొననీయక, శతాబ్దములపాటు సామాజిక దూరమును పాటించిన దేశమునకు ఎవరో క్రొత్తగా దానిని ఉపదేశించినట్లయినది! వైద్యులు కోరినది మనిషికి మనిషికి మధ్య కొన్ని అడుగుల ఎడము, అంతే. ప్రపంచ ఆరోగ్యసంస్థ గూడ 2020 మార్చిలోనే దానిని భౌతిక దూరమనుటయే మేలని చెప్పినది. కాని మొదట అంటుకొనిన మాట వదలలేదు. "అంటు" అను పదమే మనకు రెండు బరువులు మోయుచున్నది: రోగము అంటుట ఒకటి, మనిషిని అంటరానివానిగా చేయుట మరియొకటి. మడి పేరిట మనిషిని దూరముగా నుంచిన చేయి, సబ్బుతో కడుగుకొనుటను మాత్రము ఎన్నడును నేర్వలేదు. బడిలో అంటువ్యాధుల పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఈ రెంటి నడుమ గీత స్పష్టముగా గీయనిచో పిల్లలు పుస్తకము నుండి మొదటిదానిని, వీధినుండి రెండవదానిని కలిపి నేర్చుకొందురు.

మన పెద్దలకు ఎడము పాటించుట తెలియకపోలేదు. ఇంట అమ్మవారు పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. వేప వైరసును చంపునని నేను అనుట లేదు. ఆ మండలు చూచినవాడు లోనికి రాడు. రానందుకు ఎవరును తప్పు పట్టరు. నిష్ఠురము లేని ఎడము అది. లోపలి బిడ్డను నింద్యముగా గాక, అమ్మవారు వచ్చిన బిడ్డగా చూచుట దానిలోని విశేషము. మశూచి 1980 నాటికి లోకమునుండియే తొలగినది గాని ఆటలమ్మకు ఆ మండలు నేటికిని కొన్ని పల్లెలలో కట్టుదురు. 2020 నాటి కాగితమునకును ఈ వేపమండకును చెప్పు సంగతి ఒక్కటే. చెప్పు తీరులోనే భేదము.

కావున క్లినిక్కు గుమ్మమున వ్రేలాడు బోర్డును గూర్చి నాకు పట్టింపు. "మాస్కు లేనిదే ప్రవేశము లేదు", "రోగితో ఒక్కరు మాత్రమే" అను ఆజ్ఞలు చాలవు. ఎందుకో చెప్పని ఆజ్ఞను తప్పించుకొనుటలో మనవారు నేర్పరులు. దానికి బదులు ఇట్లు వ్రాసి చూడవలెను: "దగ్గు, జ్వరం, ఒంటిమీద దద్దుర్లు ఉన్నవారు దయచేసి ఇటువైపు కిటికీ దగ్గర కూర్చోండి. మిమ్మల్ని వెలివేయడం కాదు. లోపల చంటిబిడ్డలు, నిండు గర్భిణులు ఉన్నారు. ముందుగా మిమ్మల్నే పిలుస్తాం." ఇందులో పండితులు మెచ్చదగినది ఏమియు లేదు. కాని చివరి వాక్యము ఒక్కటి ఉన్నచో చాలును. దగ్గు దాచుకొనువాడు దానిని తానే బయటపెట్టును.

ఆ కిటికీ ఊరక చెప్పినది కాదు. తట్టు సోకిన బిడ్డ వెళ్లిపోయిన పిమ్మట గూడ రెండు గంటలవరకు ఆ గదిగాలిలో వైరసు నిలువగలదు. టీకా లేని పిల్లలు పదిమంది దగ్గరలో నున్నచో తొమ్మిదిమందికి అది అంటవచ్చును. అట్టి బిడ్డను తిన్నగా తీసికొనివచ్చి వరుసలో కూర్చుండబెట్టుట కంటె, బయలుదేరుటకు ముందే ఫోనులో చెప్పి, వేరు ద్వారమున రమ్మన్నప్పుడు వచ్చుట మేలు. 108 బండిని పిలిచినప్పుడు గూడ జ్వరము సంగతి మొదటనే చెప్పవలెను. వచ్చువారు చేతితొడుగులు, మాస్కులు వేసికొని వత్తురు. నిపా అట్లు గాలిలో దూరము పోవునది కాదు. రోగి ఉమ్మి, వాంతి, ఊపిరి తుంపరల చేరువలో మసలువారికి అంటును. ఒక్కొక్క వ్యాధిది ఒక్కొక్క త్రోవ. అన్నిటికిని ఒకే బోర్డు వ్రేలాడదీయుట అన్ని జ్వరములకు ఒకే మాత్ర ఇచ్చుట వంటిది.

పాఠశాలలకును ఇందులో భాగము కలదు. సంవత్సరము పొడుగున ఒక్కనాడైనను మానని విద్యార్థికి బహుమతి నిచ్చుట మన బడులలో వాడుక. ఆ బహుమతికై జ్వరముతో వచ్చిన పిల్లవానిని మెచ్చుకొనిన ఉపాధ్యాయులు ఎందరో గలరు. ఆటలమ్మ పొక్కులన్నియు ఎండి చెక్కులు కట్టువరకు, తట్టులో దద్దురులు కనుపించిన నాటినుండి నాలుగు దినములవరకు బిడ్డ ఇంట నుండవలెను. ఆ దినములను గైరుహాజరుగా లెక్కింపక, తప్పిన పాఠమును ఇంటికి పంపు పద్ధతి ఏర్పడినచో తల్లిదండ్రులు దాచుట మానుదురు. క్వారంటీను అను మాట వెనిసు నగరవాసులు ఓడలను నలువది దినములు దూరముగా నిలిపిన నాటిది. అంతకుముందు 1377లో రగూసా అను రేవుపట్టణము విధించినది ముప్పదియే. నేడు వ్యాధినిబట్టి గడువు ఖచ్చితముగా చెప్పగలుగుచున్నాము. ఎన్నాళ్లో తెలిసినచో ఎవరికైనను ఓపిక పట్టుట తేలిక.

ఇక మొదటి ప్రశ్న మిగిలియున్నది. వెళ్లక, పరామర్శించుట ఎట్లు? రోగి ఇంటి గేదెకు మేత వేయువారు, పిల్లలను బడికి దిగబెట్టువారు, క్యారియరు గుమ్మమువద్ద నుంచి పిలుపు వినిపించువారు, మందులు తెచ్చియిచ్చువారు మంచము ప్రక్కన కూర్చుండినవారికంటె ఎక్కువ చేసినవారే. 2020లో ఎన్నియో ఊళ్లలో యువకులు ఈ పనులు చేసిరి. కాని ఆసుపత్రిలో నున్న రోగి విషయమున బంధువులనే దిద్దుట న్యాయము కాదు. ఆసుపత్రి తలుపు మూయుచున్నప్పుడు దానికొక బాధ్యత ఏర్పడుచున్నది. లోపలనున్న తల్లి అన్నము తిన్నదో లేదో, ఊపిరి తేలికయైనదో లేదో తెలియక మూడు దినములు గేటువద్ద నిలిచినవాడు నాల్గవనాడు గేటు దూకును. అతడు దూకినందుకు నేను ఆశ్చర్యపడను. తుదిఘడియలలో నున్న మనిషిని కన్నబిడ్డ ఒక్కమారు చూచుటకు, రక్షణ దుస్తులు తొడిగియో, అద్దము వెనుకనుండియో, వీలు కల్పింపవలెను. ఎడబాటు తప్పనిసరియైనను చివరిచూపునకు నోచుకొనక పోవుట తప్పనిసరి కాదు.

ఇందుకు కావలసిన వ్యయము స్వల్పము. గేటు లోపల, వార్డునకు ఎడముగా, చెట్టునీడను నాలుగు బల్లలు, త్రాగు నీరు. ఉదయము పది గంటలకొకసారి, సాయంకాలము నాలుగు గంటలకొకసారి బయటికి వచ్చి, రోగి పేరు చెప్పి, ఆ ఇంటివారిని దగ్గరకు పిలిచి, నిలుకడగా రెండు మాటలు చెప్పు మనిషి ఒకరు. ఆ మనిషికి వైద్యశాస్త్రము అంతగా రాకున్నను ఫరవాలేదు. తెలుగు రావలెను, చెప్పిన వేళకు రావలెను.