వ్రాతలో తోడు

భవానీపురమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు కృష్ణానదిని గూర్చి వ్యాసము వ్రాసి, పై తరగతి విద్యార్థికి చూపెననుకొందము. ఊరి ప్రక్కనున్న నదిని విడిచి, గైడు పుస్తకములోని నదిని ఎక్కించినాడు. పెద్దవాడు దానిని కొట్టివేసి తానే తిరుగ వ్రాసియిచ్చుట సులభము. అట్టి సాయమువలన మార్కులు వచ్చునేమో గాని వ్రాత రాదు.

"రేవులో నీవేమి చూచితివి?" అని యడిగిన చాలును. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజికి ఎగువన నిండుగా నిలిచిన నీటిని, తెల్లవాఱుజామున వలలు తీయు జాలరులను ఆ బాలుడెఱుగును. ఎఱిగినది వ్యాసమున వ్రాయవచ్చునని మాత్రము ఎఱుగడు.

పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున భారతమును తెనిగించిన నన్నయ, నారాయణభట్టు తనకు తోడ్పడెనని చెప్పుకొనెను. యుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లని ఆయన పోలిక. ఎంత తగిన పోలిక! శ్రీకృష్ణుడు పగ్గములు పట్టెనే గాని విల్లు పట్టలేదు గదా. వ్రాతలో సాయపడువారి హద్దు అదియే.

అక్షరదోషములందురా? వానిని రెండవ ప్రతిలో చూడవచ్చును. మొదటి ప్రతిలోనే వెదకినచో, బాలుడు తప్పు రాని మాటలనే యేఱుకొనును, జాలరుల ఊసెత్తడు.