ఇల్లు అమ్మి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్ముకోవడమంటే అప్పులపాలై అమ్ముకోవడమే గాని, కావాలని అమ్మేవాళ్ళు తక్కువ. కనక దాని మీద సామెత చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. ఇవాళ సంగతి వేరు. పిల్లలు ఉద్యోగాల పేరిట తలొక ఊళ్ళో ఉంటారు. పెద్దవాళ్ళు నాలుగు గదులూ ఊడ్చుకోలేక, దీపం పెట్టేవాళ్ళు లేని ఇంటిని అల్లా వదిలెయ్యలేక సతమతమవుతారు. చివరికి ఒకనాడు గేటుకు "అమ్మబడును" అని అట్టముక్క వేలాడుతుంది.

కిందటేడు కాకినాడ వెళ్ళినప్పుడు మా దూరపు బంధువు ఒకావిడను చూడబోయాను. నాకు వరసకు పిన్ని. బాబాయిగారు 2019లో పోయారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే. ఆమధ్య దొడ్లో కాలు జారి పడ్డారు. కొడుకు హైదరాబాదులో, కూతురు విశాఖపట్నంలో. ఇల్లు అమ్మేసి ఆవిడను దగ్గరికి తీసుకుపోతానని కొడుకు పట్టుబట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు తరవాత వచ్చింది.

కాఫీగ్లాసు నా చేతికిస్తూనే ఆవిడ అన్నారు: "అమ్మాయ్, నీకు నలుగురి సంగతులూ తెలుసు. ఉన్న ఇంటిని ఉన్నట్టుగా అమ్మితే అడ్డమైన ధరా అడుగుతారట. ఏడు లక్షలు పెట్టి బాగు చేయిస్తే పది లక్షలు ఎక్కువ వస్తాయంటున్నాడు మీ తమ్ముడు. బ్యాంకులో నా పేర ఎనిమిది లక్షలున్నాయి. అవి తియ్యమంటావా?"

నా గొంతులో కాఫీ దిగలేదు. ఆ ఎనిమిది లక్షలూ తప్ప ఆవిడకు ఉన్నది నెల నెలా వచ్చే కుటుంబ పింఛను ఒక్కటే. కొడుకు చెడ్డవాడు కాడు. తల్లికి మేలు చేద్దామనే చూస్తున్నాడు. కాని మేలు చేద్దామనుకున్నప్పుడే లెక్క ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి గదా!

"పిన్నిగారూ, ముందు కాగితం, కలం తెండి" అన్నాను.

వసారాలో కూచుని రాసుకున్నాం. మొజాయిక్ గచ్చు తీయించి కొత్త రాయి పరిపించడానికి రెండున్నర లక్షలు. వంటింట్లో బీరువాలు, పొయ్యిగట్టు మార్పించడానికి రెండు లక్షలు. రెండు స్నానాల గదులకు లక్షన్నర. రంగులకూ, కప్పు కింద అలంకారాలకూ లక్ష. మొత్తం ఏడు. ఇల్లు 1978లో కట్టింది. స్థలం 240 గజాలు. ఉన్నదున్నట్టుగా అయితే అరవై లక్షలు, బాగు చేయిస్తే డెబ్భై అని బ్రోకరు చెప్పాడట.

"ఆ వీధిలో ఖాళీ స్థలం గజం ఎంత పలుకుతోంది?" అని అడిగాను.

"పాతికవేలు అంటున్నారు."

ఇంక వేరే లెక్క అక్కర్లేదు. 240 గజాలను పాతికవేలతో హెచ్చవేస్తే సరిగ్గా అరవై లక్షలు. అంటే ఆ బ్రోకరు స్థలానికి వెల కట్టాడు గాని, ఇంటికి కాదన్నమాట! నలభై ఏళ్ళపైన కాపరం చేసిన ఇంటికి అతను వేసిన ఖరీదు సున్నా. ఆ మాట వినగానే పిన్నిగారి ముఖం చిన్నబోయింది. నాకూ బాధ వేసింది. కాని నిజం ముందే తెలియడం మంచిది.

ఇల్లు అమ్మేవాళ్ళు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఏం బాగు చేయించాలి?" అన్నది కాదు, "ఎవరు కొంటారు?" అన్నది. కొనేవాడు పడగొట్టి అపార్టుమెంటు లేపేవాడైతే, మీరు వేయించిన రాయి అతనికి బండెడు రాళ్ళముక్కలు. ఆ చెత్త ఎత్తించే ఖర్చు కూడా మీ ధరలోనే తగ్గించమంటాడు. మా మేనమామగారింట్లో ఇదే జరిగింది. మూడు నెలలు మేస్త్రీల వెంట తిరిగి హాలంతా పాలరాయి పరిపించారు. కొన్నవాడు రిజిస్ట్రేషను అయిన నెలకల్లా యంత్రం తెచ్చి ఇల్లు కూలగొట్టాడు. పాలరాయి పోయినందుకు కాదు, ఆ పని చూసుకుంటూ ఎండలో పడ్డ శ్రమకే మా అత్తయ్య నేటికీ నొచ్చుకుంటుంది.

అల్లాగని ఏమీ ముట్టుకోకుండా వదిలెయ్యమనడం లేదు. కాపరానికి ఇల్లు వెతుక్కునేవాళ్ళు వస్తే వాళ్ళ చూపు వేరు. మా ఎదురింటివారు వంటింటి కప్పు కారుతుంటే "ఎల్లాగూ అమ్మేదే గదా" అని ఊరుకున్నారు. వానాకాలంలో చూడవచ్చినవాళ్ళకు గోడ మీద చెమ్మ మచ్చ కనబడింది. పదిహేను వేలతో పోయే పనికి రెండు లక్షలు తగ్గించమని కూచున్నారు. కొనేవాడి బుద్ధి అంతే. కనబడ్డ లోపం ఒకటైతే కనబడనివి పది ఉంటాయని ఊహించుకుంటాడు.

కనక పనులన్నిటినీ మూడు కుప్పలు పెట్టుకోవాలి. నీళ్ళు కారడం, కుళాయిలు వదులవడం, తలుపు గడియ పడకపోవడం, స్విచ్చి పనిచెయ్యకపోవడం, దొడ్డి నిండా పిచ్చిమొక్కలు - ఇవి మొదటి కుప్ప. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వీటిని చేయించవలసిందే. వంటిల్లు, గచ్చు, స్నానాల గది పూర్తిగా మార్పించడం రెండో కుప్ప. ఇక్కడే చెయ్యి కాల్చుకునేది. మీరు ముచ్చటపడి వేయించిన ఆకుపచ్చ రాయి కొనేవారి ఇల్లాలికి నచ్చకపోవచ్చు. ఆవిడ తన వంటింటిని తన ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవాలనుకుంటుంది. ఆ ముచ్చట ఆవిడకే వదిలెయ్యడం ఉత్తమం.

ఇక మూడో కుప్ప, వాస్తు మార్పులు. గుమ్మం జరిపిస్తే ఇల్లు తొందరగా అమ్ముడుపోతుందని ఎవరో చెబుతారు. మీరు జరిపిస్తారు. కొనవచ్చినాయన తన సిద్ధాంతిగారిని వెంటపెట్టుకు వస్తాడు. ఆయన "పాత గుమ్మమే బాగుండేదే!" అంటాడు. ఇద్దరు సిద్ధాంతుల మధ్య మీ గుమ్మం ఎన్నిసార్లని జరుగుతుంది?

ఇదంతా విని పిన్నిగారు కాస్త తేలికపడ్డారు. అప్పుడు నెమ్మదిగా ఇంకో మాట బయటపెట్టారు. వెనకగది శ్లాబు పెచ్చులూడి, లోపలి చువ్వలు తుప్పుపట్టి కనబడుతున్నాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది వింత కాదు. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుమును తినేస్తుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటకు తోసేస్తుంది. పైపైన సిమెంటు మెత్తించి రంగు వేస్తే ఎవరికీ తెలియదని మేస్త్రీ చెప్పాడట. కొడుకూ సరేనన్నాడట.

"అది మాత్రం వద్దు పిన్నిగారూ" అన్నాను. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఆ గదిలో రేపు ఏ పసివాడో పడుకుంటాడు. పైన పెచ్చు ఊడితే? పాపపుణ్యాల మాట అటుంచండి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే, దాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. దాచడం మోసంతో సమానమని కూడా అందులో ఉంది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: "మీ బాబాయిగారు ఉంటే ఒప్పుకునేవారు కాదులే. నేనే వాడితో చెబుతాను."

చెప్పారు. కొడుకు మొదట విసుక్కున్నాడు. "లోకంలో అందరూ చేస్తున్నదే గదమ్మా" అన్నాడు. కాని తల్లి మాట కాదనలేదు. ఒక ఇంజనీరును పిలిపించి ఆ శ్లాబు బాగుకు ఎంతవుతుందో రాయించారు. లక్షా ఇరవై వేలన్నాడు. ఆ కాగితం దాచకుండా, చూడవచ్చినవాళ్ళందరి ముందూ పెట్టారు.

మిగతా పనులకు అయిందెంతనుకున్నారు? వసారా కప్పు కారకుండా చేయడానికి 14 వేలు, కుళాయిలకు 6 వేలు, దొడ్డీ నీళ్ళ ట్యాంకూ శుభ్రానికి 5 వేలు, ముందు గదులకూ ప్రహరీకీ సున్నానికి 13 వేలు. అంతా కలిపి 38 వేలు. ఏడు లక్షల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నిజానికి డబ్బు కంటే వాళ్ళకు ఎక్కువ కాలం పట్టింది కాగితాలకు. ఇల్లు బాబాయిగారి స్వార్జితం. వీలునామా లేదు. అల్లాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమంగా వస్తుంది. ఇన్నాళ్ళూ ధరల గురించి ఫోనులో గంటలు గంటలు మాట్లాడుకున్నవాళ్ళు కూతురిని ఒక్కసారి అడగలేదు! ఆ పిల్ల సంతకం లేనిదే అమ్మకం లేదని తెలిశాక గాని విశాఖపట్నానికి ఫోను వెళ్ళలేదు. ఆ పిల్ల మంచిది కనక నవ్వి ఊరుకుంది. అన్ని ఇళ్ళల్లోనూ నవ్వి ఊరుకోరు సుమండీ.

వారసుల ధ్రువపత్రం, ఆస్తిపన్ను బకాయిలు లేవన్న రసీదు, పాత దస్తావేజులు, ఈసీ అన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈసీ మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంట్లో కూచునే కంప్యూటరులో చూసుకోవచ్చు. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం ఎక్కవలసిందే. కాగితాలు సరిగ్గా ఉన్న పాత ఇంటికి బేరం కుదిరినంత సులువుగా, చిక్కుల్లో ఉన్న కొత్త ఇంటికి కుదరదు.

పన్ను సంగతి కూడా ఒక మాట. కొత్తగా గది కట్టించిన ఖర్చును ఇంటి అసలు ఖరీదుకు కలుపుకోనిస్తారు గాని, సున్నాలకూ చిల్లర మరమ్మతులకూ అయిన ఖర్చును కలుపుకోనివ్వరు. కలుపుకునేదానికైనా రసీదులు ఉండాలి. 2024 జూలై 23 నుంచి జరిగే అమ్మకాలకు, రెండేళ్ళు మించి చేతిలో ఉన్న ఇంటి లాభం మీద పన్ను నూటికి 12.5 వంతున వేస్తున్నారు. అంతకు ముందే సంపాదించిన ఇల్లయితే, ధరల పెరుగుదలను కలుపుకుని నూటికి 20 వంతున లెక్కకట్టే పాత పద్ధతితో పోల్చి, ఏది తక్కువైతే అది కట్టే వీలు ఈ దేశంలో నివసించేవారికి ఇచ్చారు. బయానా పుచ్చుకోకముందే ఒకసారి ఆడిటరు దగ్గరికి వెళ్ళిరండి.

చివరికి ఏమైందో చెప్పలేదు గదూ! అరవై రెండు లక్షలని చెప్పారు. అపార్టుమెంట్లు కట్టే ఆయన వచ్చి యాభై ఎనిమిది అని వెళ్ళిపోయాడు. రెండు నెలలకు ఒక లెక్చరరు దంపతులు, వాళ్ళ ముసలి తల్లితో వచ్చారు. ఇంజనీరు కాగితం చదివి లక్షా ఇరవై వేలు తగ్గించమన్నారు. ఇంకో ముప్ఫై వేలు బేరమాడారు. అరవై లక్షల యాభై వేలకు కుదిరింది. "లోపం మీరే చెప్పారు గనక మిగతా ఇంటిని నమ్ముతున్నాం" అన్నారట.

తాళాలిచ్చే రోజున ఆ ముసలావిడ తులసికోట దగ్గర నిలబడి, "దీన్ని మాకు వదిలేస్తారా?" అని అడిగిందట. పిన్నిగారు మొన్న ఫోనులో ఆ మాటే రెండుసార్లు చెప్పారు. బ్యాంకులో ఎనిమిది లక్షలూ చెక్కుచెదరలేదని కూడా చెప్పారు. రాత్రిళ్ళు నిద్ర బాగానే పడుతోందట.

మీలో ఎవరైనా ఇల్లు అమ్మే ఆలోచనలో ఉంటే మేస్త్రీని పిలిచేముందు గజం ధర కనుక్కోండి. కారే కప్పు బాగు చేయించండి. బీటను మాత్రం దాచకండి. ఇంటి ఆడపిల్లను అందరికంటే ముందు అడగండి.