తుపాను గర్భంలోకి పోయే విమానం మనకేది?

రాయపూర్ వాతావరణ కేంద్రం నుండి ప్రతి దినమూ ఒక బెలూను పైకి లేస్తుంది. దానికి కట్టిన రేడియోసోండ్ పరికరం ఒత్తిడి, ఉష్ణం, తేమ కొలిచి సంకేతాలు పంపుతుంది. నేలమీద ఇది చాలును. కాని మన లైన్లను తెగగొట్టే తుపాను బంగాళాఖాతంలో బలపడుతుంది. నడిసముద్రంలో బెలూను వదిలే స్టేషను లేదు.

అమెరికావారు ఈ లోటును విమానంతో తీర్చుకున్నారు. 1943 జులైలో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక వైమానికుడు హరికేన్‌లోకి విమానం నడిపి దారి చూపాడు. నేడు అక్కడి విమానాలు తుపాను కన్నులోకి చొచ్చి, డ్రాప్‌సోండ్ అనే చిన్న గొట్టాలను పారాచూట్‌తో వదులుతాయి. సముద్రాన్ని తాకేవరకు అది గాలి వేగాన్నీ, ఒత్తిడినీ, తేమనూ సెకనుకు ఒకటికి మించిన సార్లు చెబుతూనే ఉంటుంది. తైవాన్ 2003లో, హాంకాంగ్ 2016లో ఈ పనికి పూనుకున్నాయి.

మనకో? 2008లో మన వాతావరణ శాఖ ప్రారంభించిన తుపాను సూచనల ప్రణాళికలో విమాన పరిశీలన పేరు కలదు. పేరే కలదు. నేటికీ నడిసముద్రంలోని తుపాను బలాన్ని ప్రధానంగా ఉపగ్రహ చిత్రంలో మేఘాల ఆకారం చూసి అంచనా కడుతున్నారు. తీరం దగ్గరపడిన తరువాతనే డాప్లర్ రాడార్ అందుకుంటుంది.

ఉపగ్రహం ఉండగా విమానం దండగ ఖర్చని వాదించే పెద్దలకు 2023 అక్టోబరు 24ను గుర్తు చేస్తున్నాము. మెక్సికో తీరాన ఓటిస్ ఎంతగా బలపడిందో తేల్చి చెప్పింది లోపలికి పోయిన విమానమే. మరునాటికి అకపుల్కో ధ్వంసమైనది. ఊరు దక్కలేదు, నిజమే. అయితే ఆ విమానమూ లేకుంటే ఆ కొద్ది గంటల హెచ్చరిక కూడా ఉండేది కాదు.

వాతావరణ శాఖ సిబ్బందిని మేము నిందించుట లేదు. వారూ మనవంటి కేంద్ర ఉద్యోగులే. తుపాను దారిని చెప్పడంలో వారి ప్రగతిని 2013లో ఫైలిన్ నాడు లోకమంతా చూసింది. దారి వేరు, బలం వేరు. బలాన్ని తక్కువ చెబితే ప్రాణాలు పోతాయి, ఎక్కువ చెబితే మరుసటిసారి ఎవరూ వినరు.

ఆ తేడాను మోసేది ఎవరు? 1964 డిసెంబరులో ధనుష్కోడి పాసింజరు బండి ప్రయాణికులతో సహా అలల్లో కలిసిపోయింది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది జనం కొట్టుకుపోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖను పిండిచేసి ఛత్తీస్‌గఢ్ దాకా వానలు తెచ్చింది. రాయపూర్–విజయనగరం లైనుమీద రాత్రి పెట్రోలింగుకు పోయే గ్యాంగ్‌మన్‌కు ఇప్పుడు ట్రాక్ మెయింటైనర్ అని పేరు పెట్టారు, వంతెన మీది చీకటి మాత్రం మారలేదు. అతనికీ, వాగు దాటి టపా సంచి మోసే గ్రామీణ డాక్ సేవక్‌కూ ఏ గంటకు ఎంత గాలి వస్తుందో తెలుసుకునే హక్కు అందరికన్నా ముందు కలదు.

మంత్రుల పర్యటనలకు విమానాలు దొరుకుతున్నవి. తుపాను పరిశీలనకు రెండు విమానాలు, తగినన్ని డ్రాప్‌సోండ్‌లు, శిక్షణ పొందిన సిబ్బంది, అదీ కాంట్రాక్టు మీద గాక శాశ్వత ప్రాతిపదికన, కావాలని ప్రతి బ్రాంచి తీర్మానించి, అక్టోబరు తుపానుల కాలానికి ముందే కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.