ముక్కాలి పీటకు పైసలెందుకు?

కెమెరా స్టాండు కొంటానని ఇంట్లో చెప్పగానే మా బాపు అడిగిన ప్రశ్న ఇది. "ఇంట్ల ఉన్న పీట చాలదారా? దానికి గూడ మూడు కాళ్లే గద!" అన్నాడు. అందరం నవ్వినం. కాని ఆలోచిస్తే అది నవ్వి తీసిపారేసే ప్రశ్న కాదు. రెండెకరాల వరి, ఎకరం పత్తి మీద బతికే ఇంట్లో ఏ వస్తువు కొన్నా ఎందుకో చెప్పి కొనాలి. ఆనాడు బాపుకు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మా మద్దూరుకు దగ్గరలో బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఊరి మీద పడి ఎందరినో పొట్టన పెట్టుకున్నారు. ఆనాడు ఊరివాళ్లు ఎదిరించి నిలిచిన బురుజు ఇంకా ఉంది. పొద్దుగూకే వేళ దాన్ని ఫోటో తీయాలని పోయిన చలికాలం వెళ్లాను. కెమెరా మిత్రునిది, స్టాండు నాది. చవకలో దొరికింది, మనిషెత్తు లేస్తుందని మురిసి కొన్నది. నడిమి గొట్టాన్ని పూర్తిగా పైకి లాగి కెమెరా బిగించాను. ఒక్క గాలి విసురుకు స్టాండు ఒరిగింది. కెమెరాను మధ్యలోనే పట్టుకున్నాను గాని స్టాండు కాలు విరిగింది. అది నేల మీద పడి ఉంటే మా పత్తి పైసలన్నీ మిత్రుని బాకీకే పోయేవి. అంతకుముందు తీసిన ఫోటోలు చూస్తే ఒక్కటీ స్పష్టంగా లేదు.

తప్పు గాలిది కాదు, నాది. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయని చదువుకున్నవాణ్ణి. అందుకే మిట్టపల్లాల నేల మీద కుర్చీ ఊగుతుంది, ముక్కాలి పీట ఊగదు. కాని ఊగకపోవడం వేరు, పడకపోవడం వేరు. గరిమనాభి నుంచి దిగే నిలువు గీత మూడు పాదాల త్రిభుజం లోపల ఉన్నంతవరకే ఏ స్టాండైనా నిలుస్తుంది. గొట్టం పైకి లాగినకొద్దీ గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు కొంచెం వంగినా ఆ గీత త్రిభుజం దాటుతుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే దుకాణంలో గుర్తుకు రాలేదు!

కనుక నా అభిప్రాయం ఒక్కటే. ఎత్తు కొనకండి, నిలకడ కొనండి.

నడిమి గొట్టం లేపకుండా కెమెరా మీ ఛాతీ దాకా వస్తే చాలు. మన కెమెరా, లెన్సు కలిపి ఎంత బరువో దానికి కనీసం రెండింతలు మోసేది చూడండి. కాళ్లు ఎన్ని ముక్కలుగా మడిస్తే స్టాండు అంత పొట్టిగా బ్యాగులో ఇముడుతుంది. కాని చివరి ముక్క అంత సన్నబడి వణుకుతుంది. ఆర్టీసీ బస్సులో తిరిగే మనకు మూడు, నాలుగు ముక్కలది సరిపోతుంది. కార్బన్ ఫైబర్ తేలికే గాని ధర మన అందుబాటులో ఉండదు. అల్యూమినియం చాలు. దుకాణంలోనే కాళ్లు పూర్తిగా చాపి, తల మీద చెయ్యి పెట్టి నొక్కి, మెలిపెట్టి చూడండి. అక్కడ వణికింది పొలం గట్టు మీద నిలవదు. కింద కొక్కెం ఉంటే రాళ్లు నింపిన సంచి కట్టండి. అది గాలికి ఊగకుండా నేలకు ఆనేటట్టు కట్టండి. గాలిని ఎదిరించే బరువును ఇంటి నుంచి మోసుకుపోనక్కరలేదు, మన నేలలోనే దొరుకుతుంది.

"ఫోన్లు చీకట్లో కూడా ఫోటోలు తీస్తున్నాయి, స్టాండు ఎందుకు?" అని కొందరు మిత్రులు అంటారు. ఫోనయినా చీకట్లో కొన్ని సెకన్లు కదలకుండా ఉండమనే అడుగుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో సెకనులో యాభయ్యో వంతు దాకా చేత్తో పట్టుకోవచ్చని పాత లెక్క. పొద్దుగూకినాక అర సెకను కావాలంటే ఎవరి చెయ్యి నిలుస్తుంది? ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో గాజు పలకల కెమెరాకు స్టాండు తప్పనిసరి. కెమెరా మారింది గాని ఆ అవసరం పోలేదు.

ఇంకొక మాట. ఇంట్లో ఫోటో తీసేవాడు ఎన్నడూ ఫోటోలో ఉండడు. రెండో స్టాండు కొన్నాక వరి గట్టు మీద దాన్ని నిలబెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి, ఉరికిపోయి బాపు పక్కన నిలుచున్నాను. మా ఇద్దరికీ కలిపి ఉన్న మొదటి ఫోటో అదే.

అయితే ప్రతి విద్యార్థీ నాలాగ రెండుసార్లు కొనుక్కోలేడు. విద్యార్థి సంఘం తన నిధుల నుంచి రెండు మంచి స్టాండ్లు కొని, లైబ్రరీ పుస్తకాల వలె సంతకం తీసుకుని ఇస్తే ఎంత బాగుంటుంది! మన ఊళ్లలో కూలిపోతున్న బురుజులు, గడీలు, మెట్ల బావులు ఇంకా ఎన్నో ఉన్నాయి. అవి పూర్తిగా పోకముందే మనవాళ్లు వాటిని ఫోటో తీసి పెట్టగలుగుతారు. సంఘం పెద్దలు, అధ్యాపకులు ఈ సంగతి ఆలోచించాలని విన్నవించుకుంటున్నాను.