పల్లె మాటలు – 23: ‘మీ బడ్జెట్‌కి ఇది చాల్లెండి’



ఈ వారం గురుకులాల మెస్ చార్జీల మీద రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరిపాను. మధ్యలో ఒక పియానో వచ్చి పడింది. నవ్వకండి. నవ్వేవాళ్ళ కోసమే రాస్తున్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆదివారం మా అమ్మ వెంట చర్చికి పోయి, వాక్యం ఏం విన్నదో గానీ, కీబోర్డు వాయించే అబ్బాయి వేళ్ళ వంక చూసొస్తుంది. ఏడాదిగా అన్నం తినే బల్ల అంచు మీద వాయిస్తూనే ఉంది. గుంటూరులో ఒక టీచరమ్మ దగ్గర చేర్చాం. రెండు నెలలు చూసి ఆవిడ నన్ను పిలిచింది. "ఇంట్లో సాధనకి ఏమీ లేకపోతే, ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే సార్" అంది. మేం వేసిన చీటీ ఆ నెలే చేతికొచ్చింది. 32,000 రూపాయలు.

ఆ 32,000 మీద ఎన్ని నోళ్ళు లేచాయో చెప్పడానికే ఈ పోస్టు.

మొదటి నోరు షాపులో. ఊరు చెప్పను, షాపు పేరు చెప్పను. నేనూ, మా ఆవిడా, పిల్లా పోయాం. పియానో చూపించమన్నాను. అతను మా చెప్పుల వంక చూసి 61 మెట్ల చిన్న కీబోర్డు తీశాడు. "మీ బడ్జెట్‌కి ఇది చాల్లెండి. ఇందులో వంద రిథమ్స్ ఉన్నాయి, పాప ఎంజాయ్ చేస్తుంది." నా బడ్జెట్ ఎంతో నేనింకా చెప్పలేదు.

చాల్లెండి! ఈ మాట విని పెరిగాం. మీకు పదో తరగతి చాల్లెండి. మీకు రెండు గదుల పక్కా ఇల్లు చాల్లెండి. ఎస్సీ కార్పొరేషన్ లోనుకు పోతే గేదె, కుట్టుమిషన్, ఆటో. ఎవడికేది చాలునో ఎప్పుడూ అవతలివాడే కొలిచి పెడతాడు. కాబట్టి ఆ చాల్లెండి నిజంగా చాలుతుందా అని నేనే కొలుద్దామనుకున్నాను. నెలరోజులు ఇదే పని పెట్టుకున్నాను. తెలుసుకున్నది చెప్తాను, మీలో ఏ తల్లికో తండ్రికో పనికొస్తుంది.

పియానో అసలు పేరు పియానోఫోర్టే. మెత్తగా, గట్టిగా అని అర్థం. 1700 ప్రాంతంలో ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో బార్తలోమేయో క్రిస్టోఫోరి అనే పనిమంతుడు చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో తీగను గిల్లేవాళ్ళు. మెల్లగా నొక్కినా, బలంగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కటే. క్రిస్టోఫోరి తీగను గిల్లడం మాని చిన్న సుత్తితో కొట్టించాడు. వేలు ఎంత బలం పెడితే అంత శబ్దం. పియానో అంటే అదీ. ఇప్పుడు షాపతను చూపించిన బొమ్మ సంగతి చూడండి. చవక కీబోర్డుల్లో చాలావాటికి ఈ స్పర్శ తెలిసే గుణమే ఉండదు. నిమిరినా అంతే, గుద్దినా అంతే. ఉన్నవాటిలో కూడా మెట్లు ప్లాస్టిక్ స్ప్రింగుల మీద తేలిపోతుంటాయి. రెండేళ్ళు దాని మీద సాధన చేసిన పిల్లను నిజం పియానో ముందు కూర్చోబెడితే, వేళ్ళలో బలం ఉండదు. అప్పుడంటారు, "మీ పిల్లకి టాలెంట్ లేదండీ" అని. చెడ్డ పనిముట్టు చేతికిచ్చి, పని రాలేదనడం మన దగ్గర పాత విద్యే కదా.

అందుకని, డబ్బు తక్కువున్నప్పుడు చూడాల్సింది రిథమ్స్ ఎన్ని, లైట్లు ఎన్ని అని కాదు. 88 మెట్లున్నాయా. మెట్లకు బరువుందా, అంటే హ్యామర్ యాక్షన్ అంటారే, అది. సస్టెయిన్ పెడల్ పెట్టుకునే సందుందా. హెడ్‌ఫోన్స్ సందుందా (అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు, పై వాటాలో ఓనరుంటాడు). ఈ నాలుగూ ఉంటే పది శబ్దాలే ఉన్నా చాలు. యమహా పీ-45, కాసియో సీడీపీ-ఎస్110 లాంటివి ఈ తరగతిలో కింది మెట్టు. కొత్తవి నా చీటీ డబ్బుకు అందవు. అందుకని సెకండ్ హ్యాండ్ వెతికాను.

వెతుకుతుండగా రెండో నోరు లేచింది. ఇది చాలా తియ్యటి నోరు. నాకు తెలిసిన ఒక పెద్దాయన, రిటైరైన మనిషి, కులం చెప్పనక్కర్లేదు, ఫోన్ చేశాడు. "మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి పియానో ఉందోయ్. ఎవరూ వాయించడం లేదు. మీ అమ్మాయికి ఊరికే ఇచ్చేస్తాను, పట్టుకుపో." మా ఆవిడ ఏడ్చినంత పని చేసింది. చూడ్డానికి పోయాం. నల్లగా, నిగనిగలాడుతూ, పైన ఫొటోలు, పూలకుండీ. మూత తీస్తే మాత్రం లోపల సంగతి వేరు. అదృష్టం కొద్దీ ట్యూనింగ్ చేసే ఆయన్ను బతిమాలి వెంట తీసుకెళ్ళాను. ఆయన టార్చిలైటు వేసి చూపించాడు.

పియానోలో ఇంచుమించు 230 తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం పదిహేను టన్నుల పైనే. ఆ బలాన్ని పట్టి ఉంచేవి ఒక చెక్కలో దిగ్గొట్టిన మేకులు. ఆ చెక్క మన కోస్తా ఉక్కకు, తేమకు ఏళ్ళ తరబడి ఉబ్బి, ఎండి, వదులైపోయింది. మేకు తిప్పితే నిలవదు. ఇవాళ శ్రుతి చేస్తే రేపటికి జారిపోతుంది. కింద మూలన చెద. తీగలకు తుప్పు. పైగా బరువు రెండొందల కిలోల పైమాటే. మా రెండో అంతస్తుకు మోయించడానికి, రిపేరుకు కలిపి ట్యూనరు చెప్పిన లెక్కకు నా చీటీ మొత్తం పోయి, మళ్ళీ ఇంకో చీటీ వేయాలి. అప్పటికీ ఏడాదికి ఒకటి రెండు సార్లు శ్రుతి ఖర్చు ఉండనే ఉంటుంది.

వద్దని మర్యాదగా చెప్పాను. పెద్దాయన మొహం మాడిపోయింది. వారం తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా మాట వచ్చింది: "ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. ఇప్పుడు వీళ్ళకి పొగరు బాగా ఎక్కింది."

ఊరికే ఇచ్చేదాని ఖర్చు తెలిసినంతగా మనకు ఇంకేదీ తెలియదు మిత్రులారా. విడిచిన బట్టలు, మిగిలిన కూర, ఊడిన మంచం. ఇచ్చినవాడికి ఇల్లు ఖాళీ, పుణ్యం అదనం. తీసుకున్నవాడికి మోత, జీవితాంతం దండం. ఆ పియానో ఆయన హాల్లో చోటు ఆపుతోంది. దాన్ని పారేయడానికి కూలీ ఇవ్వాలి. మనకు దానం చేస్తే కూలీ మనమే పెట్టుకుంటాం. ఎవరైనా సరే, ఊరికే వచ్చే పాత పియానోకు మురిసిపోకండి. లోపల తెలిసినవాడి చేత చూపించకుండా మాటివ్వకండి.

మూడో నోరు ఆఫీసులో. కొలీగు. చదువుకున్నవాడు, సంగీత సభలకు పోతాడు. "పియానో మన సంప్రదాయం కాదు కదా బ్రదర్. అయినా మీ వాళ్ళకి తాళం రక్తంలోనే ఉంటుంది, నేర్చుకోనక్కర్లేదు" అన్నాడు. పొగిడానని అనుకుంటున్నాడు పాపం!

మన సంప్రదాయం కాదా? వయొలిన్ ఎక్కడిదండీ? తెల్లవాళ్ళ ఓడల్లో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులు గారి తమ్ముడు బాలుస్వామి నేర్చుకుని కచేరీలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేకుండా కచేరీ ఉందా? హార్మోనియం ఫ్రాన్సులో పుట్టింది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని గడప తొక్కనివ్వలేదు, ఇప్పుడు అది లేని భజన మందిరం చూపించండి. మాండలిన్‌ను పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి తెచ్చినప్పుడు ముందు గొణిగారు, తర్వాత నెత్తిన పెట్టుకున్నారు. మంచిదే. ఎవరైనా ఏదైనా వాయించవచ్చు. నేననేదీ అదే. పరాయి వాద్యం వాళ్ళింటికి పోతే సంప్రదాయమవుతుంది, మా పల్లెకొస్తే మతం మారిన గుర్తు అవుతుందా?

ఇంకో సంగతి. మనం తోలు పని చేసినవాళ్ళం. మృదంగానికి తోలు కట్టేవాళ్ళ చరిత్రను టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అని పుస్తకం రాస్తే, 2020లో దాని ఆవిష్కరణకు ఇచ్చిన చోటును చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. ఆవు చర్మం మాట వినపడేసరికి శ్రుతి తప్పింది. పియానో పవిత్రమని ఎవరైనా అనుకుంటే వాళ్ళకూ ఒక మాట. క్రిస్టోఫోరి తన సుత్తులకు తొడిగింది తోలే. ఇవాళ్టికీ అప్రైట్ పియానో లోపల సుత్తుల మొదళ్ళ దగ్గర తోలు ముక్కలుంటాయి. ట్యూనరు చూపించినప్పుడు నేను వేలు పెట్టి తడిమాను. మా తాత వాసన పట్టేవాడేమో.

నాలుగో నోరు మనవాళ్ళదే. అందుకే నొప్పి ఎక్కువ. "అన్నా, నువ్వు కూడా పియానోనా? మన డప్పు ఏమైంది? ఇది దొరల బుద్ధి" అని ఒక తమ్ముడు రాశాడు. తమ్ముడూ, మా నాన్న డప్పు కొట్టాడు. ఊళ్ళో పెద్దకులాల చావులకు కొట్టాడు, నిలబడి, దూరంగా, మానెడు బియ్యానికి. నేను ఇంటర్‌లో చేరిన ఏడాది ఇక కొట్టనని దాన్ని గోడకు తగిలించాడు. దానికి ఊరు ఆయన్ను ఆరు నెలలు పనికి పిలవలేదు. ఆ డప్పును ఉద్యమం మళ్ళీ చేతికి తీసుకుని ఆయుధం చేసింది, నేనూ కొట్టాను, దండం పెడతాను. కానీ ఎంచుకుని కొట్టడం వేరు, నీకిదే రాసిపెట్టి ఉంది అనడం వేరు. రెండోది ఊరు చెప్పినా, నువ్వు చెప్పినా ఒకటే. డప్పు మా గోడకే ఉంది. పిల్లకు అదీ నేర్పుతాను.

మా తమ్ముడిది ఇంకో మాట. "ఆ డబ్బు నాకిస్తే స్థలం అడ్వాన్సుకు కలుపుతా." దీనికి మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేదు. భూమి లేని జాతికి భూమి కంటే పెద్ద మాట ఏముంది? ఆగస్ట్ విల్సన్ అనే నల్లజాతి రచయిత నాటకం ఒకటుంది, ‘ది పియానో లెసన్’, 1990లో పులిట్జర్ వచ్చింది. అందులో అక్కకూ తమ్ముడికీ ఇదే తగువు. పూర్వీకులు బానిసలుగా దున్నిన నేలను కొనడానికి ఇంట్లో పియానో అమ్ముదామని వాడు. ఆ పియానో చెక్కలో మనవాళ్ళ మొహాలు చెక్కి ఉన్నాయి, ప్రాణం పోయినా అమ్మనని ఆమె. వాళ్ళ పూర్వీకుల్నే ఒకప్పుడు ఆ పియానోకు బదులుగా ఇచ్చేశారు కాబట్టి. మా తమ్ముడిది తప్పని నేననను. 32,000తో భూమి రాదు, అది మాత్రం లెక్క.

చివరి నోరు నోరు కాదు, భయం. మా అత్త మెల్లగా అంది, "ఇంట్లో అది కనపడితే, సర్టిఫికెట్ ఎంక్వయిరీకి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారయ్యా?" 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఈ దేశంలో ఎంత దూరం చేతులు చాపిందో చూడండి. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవ దళితుడికి, ముస్లిం దళితుడికి తీయలేదు. ఊరు మాత్రం అంటు పాటించేటప్పుడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగదు. ఒక పిల్ల నేర్చుకునే వాద్యం సాక్ష్యంగా పనికొస్తుందేమోనని ఒక ముసలామె వణకాలా? బ్రాహ్మణ అగ్రహారంలో పియానో ఉంటే అది కల్చర్. మా అత్త భయానికి నేనింకా సమాధానం చెప్పలేదు. పియానో మాత్రం ముందు గదిలోనే పెట్టాను, కిటికీ పక్కన.

అవును, దొరికింది. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్. యమహా పీ-45, స్టాండుతో కలిపి 24,000. ప్రతి మెట్టూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూశాను, 88కి 88. హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నాను, అడాప్టర్ వైరు వంచి చూశాను. మీరూ అలాగే చూడండి, మొహమాటపడకండి. మొత్తం పదకొండున్నర కిలోలు. బండి వెనక కూర్చుని మా బావమరిది పట్టుకొచ్చాడు. పెడల్ కొత్తది వేరే కొన్నాను. మిగిలింది టీచరమ్మ ఫీజుకు.

అమ్మినావిడ మంచి మనిషి. "మా బాబుకి మూడు నెలల్లో విసుగు పుట్టిందండీ" అంది, మామూలుగా. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. విసుగు పుట్టడం కూడా ఒక ఆస్తే. ఆ బాబును ఎవరూ అడగలేదు, ఇంత డబ్బు పోసి కొన్నాం, ఏం సాధించావురా అని. నా పిల్లను ఇప్పటికే అడుగుతున్నారు. గ్రేడ్ పరీక్ష ఎప్పుడు? టీవీలో ఎప్పుడు? ఇంకో ఇళయరాజా అవుతుందా? పన్నైపురం నుంచి వచ్చిన ఆ మహానుభావుణ్ణి మన పిల్లల నెత్తిన బరువుగా పెట్టకండి. వాయిస్తుంది. నచ్చితే సాగిస్తుంది, లేకపోతే మానేస్తుంది. మానేస్తే ఇరవై వేలకు అమ్ముతాను, లేదా పక్కింటి పిల్లకిస్తాను, కానీ ఊరికే పారేసే చెత్తగా కాదు, అన్ని మెట్లూ పలికేదిగా.

చూడాలనుకున్నవాళ్ళు మా ఇంటికి రావచ్చు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వద్దు. పల్లె పిల్లలు నలుగురు వరసలో కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరికి పావుగంట. టైము మా అమ్మాయే చూస్తుంది, చాలా కఠినంగా.

మెస్ చార్జీల లెక్కలు వచ్చే ఆదివారం.