మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! ఈ సామెతని మన మీద ఎన్నిసార్లు విసిరారో లెక్క వేస్తే ఓ పెద్ద నవల అవుతుంది. కుట్టు మిషను దారం తెంపుతోందన్నా అదే, గ్రైండరు తిరగనంటోందన్నా అదే, చివరికి కారు కుదుపుతోందన్నా అదే. సామెత బాగానే ఉంది. కాని, మద్దెల నిజంగానే ఓడైతే? ఎందుకైనా మంచిదని ఒక్కసారి దాన్ని తట్టి చూసిన మహానుభావుడు ఎవరైనా ఉన్నాడా అని అడుగుతున్నాను.

నేనివాళ మాట్లాడబోయేది గేర్లున్న స్పోర్ట్స్ కారు క్లచ్ గురించి. నవ్వకండి. "నవలలు రాసుకునేదానివి, బి.ఏ.లో చదివింది తెలుగు, చరిత్ర. క్లచ్ సంగతి నీకెందుకమ్మా?" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నా జవాబు ఒక్కటే. మనకెందుకులే అని వదిలేసినవన్నీ ఆ తర్వాత మన మెడకే చుట్టుకుంటాయి.

మా అక్క కూతురు అమెరికాలో ఉంటోంది. అక్కడ గేర్లు మనమే మార్చుకునే కార్లు అపురూపమైపోయాయి. అయినా పిల్ల ముచ్చటపడి, తన జీతంతో, ఇద్దరే కూర్చునే పాత స్పోర్ట్స్ కారొకటి కొనుక్కుంది. మొదటి గేరు నుంచి రెండోదానికి మారిస్తే చాలు, కారు గంగిరెద్దులా తలాడించేది. "పిన్నీ, నాకు కాలు కుదరటం లేదు" అని ఫోన్లో ఒకటే దిగులు. పక్కనుంచి మా అల్లుడి వ్యాఖ్యానం: "గేరు కారు దీనికెందుకు అత్తయ్యగారూ, అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కోమనండి." చిత్రమేమిటంటే, అతను నడిపినా అది అలాగే తలాడించింది. అప్పుడు మాత్రం తప్పు కాలిది కాదు, రోడ్డుదిట!

క్లచ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తిరగలిని గుర్తు తెచ్చుకోండి. ఇంజను నడుస్తున్నంతసేపూ దానికి బిగించిన ఒక బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. గేర్ల వైపు ఒక పలక ఉంటుంది. గట్టి స్ప్రింగు ఆ పలకని చక్రానికి అదిమిపెడితే రెండూ కలిసి తిరుగుతాయి, కారు నడుస్తుంది. పెడల్ తొక్కితే రెండూ విడిపోతాయి. వదులుతుంటే మొదట ఒరుసుకుని, కాస్త జారి, తర్వాత కలుస్తాయి. ఆ ఒరుసుకోవటం మొదలయ్యే చోటునే బైటింగ్ పాయింట్ అంటారు.

స్పోర్ట్స్ కారులో ఇంజను బలం ఎక్కువ కనక పలక జారకుండా స్ప్రింగు కూడా గట్టిది వేస్తారు. దాంతో పెడల్ బరువెక్కుతుంది. ఇంజను చురుగ్గా ఉండాలని కొన్నిటిలో ఆ చక్రాన్ని తేలిక చేస్తారు. అప్పుడు ఇంజను వేగం ఇట్టే పడిపోయి, కదలబోతూనే కారు ఠక్కున ఆగిపోతుంది. ఇందులో కాలి తప్పెంతో మీరే చెప్పండి.

మా పిల్ల కారు సంగతి ఇంకా సొగసైనది. కాలి ఒత్తిడిని క్లచ్ దాకా మోసుకెళ్ళేది గొట్టంలో ఉండే ద్రవం. కొన్ని కార్లలో ఆ దారికి తయారు చేసినవాళ్ళే ఒక చిన్న అడ్డు పెడతారు. దాని పేరు క్లచ్ డిలే వాల్వ్. కొమ్ముచెంబుని ఎంత వంచినా నీళ్ళు సన్నధారగానే వస్తాయి కదా! అలాగే మీరు కాలు ఎంత చప్పున తీసినా ఆ ద్రవం నింపాదిగానే వెనక్కి వస్తుంది. మీరు కాలు తీసేసి యాక్సిలరేటర్ తొక్కేస్తారు. లోపల పలక ఇంకా జారుతూనే ఉంటుంది. అది తీరిగ్గా అతుక్కునేసరికి కుదుపు!

క్లచ్‌ని ఎవరైనా ఒక్కసారిగా వదిలేస్తే గేర్‌బాక్సు, ఇరుసులు దెబ్బ తినకుండా ఈ ఏర్పాటు అంటారు. ఉద్దేశం మంచిదే. కాని నడిపే మనిషికి ఒక్క మాట చెప్పొద్దూ? కాలిని నమ్మలేక చాటుగా పగ్గం వెయ్యటం, ఆ తర్వాత కాలే వంకర అనటం! ఈ వరస మనకి కొత్తదేమీ కాదనుకోండి.

చివరికి అనుభవమున్న మెకానిక్ ఒకాయన ఆ వాల్వ్ తీసేసి, అడ్డు లేనిది వేశాడు. మనిషీ అదే, కాలూ అదే. కారు మాత్రం తలాడించటం మానేసింది.

కనక కాలిని తిట్టుకునే ముందు కారుకి పరీక్షలు పెట్టండి. స్పోర్ట్స్ కారే అక్కర్లేదు, ద్రవంతో పనిచేసే క్లచ్ ఉన్న మనింటి కారైనా సరే. పెడల్ మెత్తగా దిగిపోతూ, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గట్టిపడుతోందా? అయితే గొట్టంలోకి గాలి చేరింది. ఆ గాలి తీయించాలి. ద్రవం నల్లబడిందా? అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, అందుకే కాలం గడిచాక మార్చాలి. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరిగి, కారు వేగం పెరగటం లేదా? పలక అరిగిపోయి జారుతోందన్నమాట. ఇవేవీ కాలి జబ్బులు కావు.

ఆ తర్వాత సీటు. ఇంట్లో పొడుగాటి మనిషికి సర్దిన సీట్లోనే మనం కూర్చుని, బొటనవేలి కొసతో పెడల్ అందుకుంటాం. పెడల్ పూర్తిగా దిగకపోతే పలక పూర్తిగా విడిపోదు, గేరు కరకరమంటుంది. పెడల్ అడుగంటా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేంత ముందుకి సీటు జరుపుకోండి. ఖాళీగా, చదునుగా ఉన్న చోట, యాక్సిలరేటర్ ముట్టకుండా, మెల్లిగా క్లచ్ వదలండి. ఇంజను శబ్దం కాస్త కుంగుతుంది. అక్కడ ఆపండి. కారు కదిలాక మిగిలింది వదలండి. పదిసార్లు చేస్తే ఆ చోటు పాదానికే తెలిసిపోతుంది. పాకం తీగ సాగటం కనిపెట్టే మనకి ఇదొక లెక్కా?

ఆడవాళ్ళకి యంత్రం అబ్బదనేవాళ్ళకి రెండు పేర్లు చెబుతాను. 1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్త తయారు చేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్లకి పైగా వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగు చేసుకుందిట. 1981లో ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ మూతోన్ ఇటలీలో సాన్‌రెమో రాలీ గెలిచింది. ప్రపంచ రాలీ పోటీల్లో ఒక ఆడమనిషి గెలవటం అదే మొదలు. మరుసటేడు మరో మూడు రాలీలు గెలిచి, ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచింది. ఆమె కారుకీ క్లచ్ ఉంది. దాన్ని తొక్కింది ఆడమనిషి కాలే.

ఆటోమేటిక్ కొనుక్కోవద్దని నేను అనటం లేదు. ట్రాఫిక్‌లో మోకాలు నొప్పెడుతుందా, నిక్షేపంలా కొనుక్కోండి. అది సుఖం. కాని నీకు చేతకాదు అని ఎవరో అన్నారని మాత్రం కొనకండి. అది ఓటమి, పైగా మన డబ్బుతో మనం కొనుక్కునే ఓటమి.