గృహసౌందర్యము: చేతిగోళ్ల పోషణము



“మానిక్యూర్” అను మాట నేడు మన చిన్నపట్టణముల వీథులలో సయితము అంగళ్ల బోర్డులపై కానవచ్చుచున్నది. లాటిను భాష నుండి పుట్టిన యీ మాటకు “చేతి సంరక్షణము” అని మాత్రమే అర్థము. అందు రంగు లేదు, విలాసము లేదు. అయినను మన యిండ్లలో నీ మాట చెవినిబడినంతనే “పనిపాటలు లేనివారి ముచ్చట” యని పెదవి విఱుచువారు పెక్కురు. మా యభిప్రాయ మిందుకు విరుద్ధము. పనిలేని చేతికి పోషణ మంతగా నక్కఱలేదు. అంట్లు తోమి, బట్టలు పిండి, కారము కలిపి, చేనిలో పత్తి తీసివచ్చిన చేతికే యది ముఖ్యముగా నవసరము.

పల్నాటి సోదరీమణుల సంగతియే చూడుడు. నరసరావుపేట మొదలు గురజాల, మాచెర్ల వఱకు మిరపయు, పత్తియు ప్రధానములగు పైరులు. పండుమిరప కోయుట, కల్లములో తాలుకాయ నేరివేయుట, తొడిమలు తీయుట మొదలగు పనులు మిక్కిలిగా స్త్రీల చేతులమీదుగనే జరుగును. పగిలిన పత్తికాయ మొనలు వాడియై వ్రేళ్లకొనలను గీఱును. ఈ సీమలో సున్నపురాయి మెండు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకును, మాచెర్ల సిమెంటునకును అదియే మూలము. అట్టి నేలలో నూరిన నీటికి సబ్బు నురుగు సరిగా రాదు. సబ్బు తెట్టెకట్టి చర్మమునకు అంటుకొని చేతిని కఱకు చేయును. ఇంటిపట్టున నుండువారికిని కొరివికారము రోజులలోను, పండుగకు ముందు గోడలకు సున్నము వేయించు రోజులలోను చేతులకు వచ్చు కష్టము తక్కువది కాదు.

గోరుచుట్టు సంగతి

“గోరుచుట్టుపై రోకటిపోటు” అని మనవారు సామెత కట్టిరి. గోరుచుట్టు బాధ యెట్టిదో యెఱిగినవారు గనుకనే యట్లనిరి. గోరు మొదట పలుచని చర్మపుపొర యొకటి గోటికి అంటుకొనియుండును. పచ్చడిజాడీ మూతికి గుడ్డ కట్టినట్లు, నీరును, మట్టియు, సూక్ష్మజీవులును లోనికి చొరకుండ నది కాపాడును. ఆ పొరను కొఱికినను, పీకినను, కత్తిరించినను ద్వారము తెఱచినట్లగును. తఱచు నీటిలో నానుచేతికి అటుపై గోరుచుట్టు వచ్చుట సులభము. చేయి వాచి చీముపట్టినచో కూలిచేయు తల్లికి కూలి పోవును. ఇల్లాలికి వంటయు, బిడ్డకు అన్నము కలిపి పెట్టుటయు దుర్భరమగును. కావున ఈ నెల మేము చెప్పునది యంతయు నొక్కమాటలో నిమిడియున్నది: ఆ పొరను కత్తిరింపకుడు, కత్తిరింపనీయకుడు.

కావలసిన వస్తువులు

నెయిల్‌కట్టరు ఒకటి, గోళ్లను నునుపుచేయు చిన్న ఆకురాయి ఒకటి, వాసెలిను చిన్నడబ్బీ ఒకటి. కొనవలసినవి యీ మూడే. తక్కినవి యింటనే యున్నవి: ఒక గిన్నె, మెత్తని పాత నూలుగుడ్డ, మెత్తనైన పాత పండ్లబ్రష్షు, ఒక చెమ్చా కొబ్బరినూనె లేక నువ్వులనూనె, రెండు చెమ్చాల శనగపిండి. కొన్న వస్తువులు మూడును నెలలతరబడి యింటిల్లిపాదికి వచ్చును. అయితే కట్టరును ఒకరు వాడినపిదప మఱియొకరు వాడుటకు ముందు సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడువవలయును. గోటితామర గలవారికి వేఱు కట్టరు ఉంచుట మేలు.

చేయు క్రమము

వారమున కొకమాఱు, పనులన్నియు ముగిసిన రాత్రివేళ, అరగంట చాలును.

మొదట పాతరంగు ఉన్నచో తీసివేయవలయును. రంగు తీయు ద్రావకములలో తఱచుగా అసిటోను ఉండును. అది గోటిని ఎండబెట్టును. అంతకంటె ముఖ్యముగా, ఇట్టే అంటుకొని మండును. వంటపొయ్యి దగ్గఱగాని దీపము దగ్గఱగాని దానిని తెఱవకుడు.

పిమ్మట గోళ్లను కత్తిరింపవలయును. కొనను తిన్నగా కత్తిరించి, మూలలను కొంచెము గుండ్రన చేసిన చాలును. మూలలలోనికి లోతుగ పోరాదు. గోరు పొడిగా నున్నప్పుడు ఆకురాతితో ఒకే దిక్కుగా నునుపు చేయవలయును. ముందుకు వెనుకకు రంపమువలె ఆడించినచో గోటికొన పొరలుపొరలుగా విడిపోవును. పనిచేయు చేతికి పొట్టిగోరే యందము. పొడుగుగోటి క్రింద కారమును, పురుగుమందును, మురికియు నిలిచి, మనము కలిపిన ముద్దతోనే బిడ్డ నోటికి చేరును.

తరువాత గోరువెచ్చని నీటిలో అయిదు నిమిషములు మాత్రము వ్రేళ్లు ముంచవలయును. ఎక్కువసేపు నానిన గోరు ఉబ్బి, ఆఱినపిదప పెళుసగును. మీ నీటికి నురుగు రాకున్న యెడల నీటిని కాచి, చల్లార్చి, పైతేట మాత్రము తీసికొనుడు. కాచిన నీటి అడుగున తెల్లగా పేరుకొనునది ఆ సున్నపు పదార్థమే. బ్రష్షుతో గోళ్లక్రింద మెల్లగా తోమి, శనగపిండిలో కొంచెము నూనె కలిపి, చేతివెనుకను, కణుపులను రుద్ది కడిగివేయుడు. నిమ్మచెక్క రుద్దుకొని ఎండలో కూర్చుండుట మాత్రము వలదు. దాని రసమును ఎండయు కలిసినచో చర్మము కాలినట్లై నల్లమచ్చలు పడవచ్చును.

ఇప్పుడు నానిన చర్మపుపొరను తడిగుడ్డతో మెల్లగా వెనుకకు ఒత్తుడు. “గోటితో పోవుదానికి గొడ్డలి యేల?” కత్తెరతో పనిలేదు. లేచియున్న చర్మపుచీలిక ఉన్నచో దానిని పీకక, కొనవఱకు మాత్రము కత్తిరింపవలయును.

కడపట నూనెను కొంచెము వెచ్చచేసి, ఒక్కొక్క గోరు మొదట ఒక్కొక్క చుక్క వేసి, నిమిషముపాటు మర్దనము చేయుడు. పండుకొనుటకు ముందు వాసెలిను పలుచగా రాసి, శుభ్రమైన నూలుగుడ్డ చుట్టుకొన్నచో తెల్లవాఱునప్పటికి చేతులు మెత్తబడును. తొందరపడి ఫలమును వెదకకుడు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. మొదటినుండి కొనవఱకు క్రొత్తగోరు వచ్చుటకు ఆఱు నెలలు పట్టును.

మిరపమంట, సున్నపుకాటు

మిరపలోని మంటపదార్థము నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున మిరపపని ముగిసినవెంటనే నీట చేతులు ముంచుట వ్యర్థము. ముందు వంటనూనె రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడిగినచో మంట తగ్గును. పనికి ముందు రబ్బరు చేతితొడుగులు వేసికొనుట యన్నిటికంటె మేలు. ఆ చేతులతో కన్నులను, చంటిబిడ్డను ముట్టరాదు.

సున్నమునకు చికిత్స వేఱు. పొడిసున్నము పడినచో ముందు పొడిగుడ్డతో దులిపివేసి, పిదప ధారగా కారు నీటితో చాలసేపు కడుగవలయును. నూనె రాయుట ఆ తరువాతి మాట. కంటిలో పడినచో నీటితో కడుగుచునే ఆసుపత్రికి పోవలయును.

రంగు విషయము

గోళ్లరంగు వలదని మేమనము. కాని చేతికి రంగే పోషణ మనుకొనరాదు. మనకు ఆషాఢమున గోరింటాకు పెట్టుకొను ఆచారము ఉండనే యున్నది. పెరటిచెట్టు ఆకునకు వెల లేదు. ఆకును కొంచెము చింతపండుతో మెత్తగా నూఱి, నాలుగైదు గంటలు ఉంచినచో, అందలి వర్ణపదార్థము చర్మముతోను గోటితోను కలిసి పండును. చర్మముపై రెండు మూడు వారములలో మాయును. గోటిపై మాత్రము గోరు పెరిగినంతకాలము నిలుచును. ఆషాఢమున పండిన యెఱుపు సంక్రాంతి దాపునకు గోటికొనన చిన్న నెలవంకవలె మిగిలియుండుటకు కారణ మిదియే.

అంగడిలో అమ్ము గోరింటకోనులను కొనునప్పుడు జాగ్రత్త వహింపుడు. గోరింటాకు సహజముగా కాషాయము మొదలు ముదురెఱుపు వఱకు పండునుగాని నల్లగా పండదు. నిమిషములలో నల్లగా పండునని చెప్పు కోనులలో తలకు వేయు నల్లరంగులలోని పి.పి.డి. అను రసాయనము కలుపుట కలదు. దానివలన కొందఱికి బొబ్బలెక్కి, మచ్చలు మిగులును.

గోరు చెప్పు మాట

వారమున కొకమాఱు గోళ్లను చూచుకొనుటవలన మఱియొక లాభము గలదు. గోరు పాలిపోయి, పలుచనై, మధ్యన చెంచావలె గుంట పడుచున్నచో రక్తమున ఇనుము తక్కువయై యుండవచ్చును. గోరింట పండియున్న గోటిలో పాలిపోవుట తెలియదు; అప్పుడు క్రిందికనురెప్ప లోపలివైపును చూడవలయును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున ఆంధ్రప్రదేశమునందలి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇది నూనెతోను, రంగుతోను పోవునది కాదు. దగ్గఱి ప్రాథమికారోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొని, వైద్యులు చెప్పినట్లు మాత్రలు వాడవలయును. గోటిక్రింద నల్లనిచాఱ క్రొత్తగా పుట్టి వెడల్పగుచున్నను, గోరుచుట్టు చీముపట్టినను ఆలసింపక చూపించుకొనుడు. మధుమేహము గలవారు చిన్నగాయమును సయితము ఉపేక్షింపరాదు.

కుడిచేతి గోళ్లను కుడిచేతితోనే తీసికొనుట యెవరికిని సాధ్యము కాదు గదా! కావున ఈ పని యిద్దఱు కలిసి చేసికొనదగినది. కూతురు తల్లికి, కోడలు అత్తకు, అక్క చెల్లెలికి చేయవచ్చును. ఇంటిలో అందఱి కడుపులు నింపు చేతిని వారమున కొకమాఱైనను మఱియొకరు తమ చేతిలోనికి తీసికొని చూచుట ఖర్చులేని గౌరవము. నూనెచుక్కకంటె ఆ యాదరమే చేతికి ఎక్కువ బలమని మా నమ్మకము.

వచ్చునెల పాదముల పగుళ్లను గూర్చి ముచ్చటింతము.